అక్క పక్కకు నెట్టిన కంచం

మా ఇంట్లో ఎవరైనా కంచం పక్కకు నెట్టారంటే కోపం వచ్చిందని అర్థం. నోటితో తిట్టుకోవడం మాకు రోజూ ఉండేదే, దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. కంచం జరిగిందంటే మాత్రం సంగతి ముదిరినట్టే. మా నాయన ఒకసారి, చుట్టాల పెళ్ళికి తనని సరిగ్గా పిలవలేదని తెలిసి, నోటి దాకా వచ్చిన ముద్దని కంచంలో వేసి లేచిపోయాడు. ఆ పెళ్ళివాళ్ళతో మాకు ఇప్పటికీ మాటల్లేవు. అందుకే ఆ మధ్యాహ్నం మా అక్క సంగటి ముద్దలో సగం కూడా తినకుండా కంచాన్ని వేలితో అవతలికి నెట్టినప్పుడు నాకు ముందు భయం వేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"ఇప్పుడేమైంది? నేనేమన్నా అంటినా?" అన్నాను.

"ఏమీ అనలేదే. ఆకలి ల్యా."

"ఆకలి లేకపోయేదేంది? పొద్దున కూడా సరిగ్గా తినలేదు. ఏమన్నా ఉంటే చెప్పు, మనసులో పెట్టుకోవద్దు."

"నీ మీద కోపమొస్తే నీ మొగం మీదనే చెప్తా. సంగటి మీద ఎందుకు చూపిస్తా? ఆకలి ల్యా అంటే ల్యా. తిని లేచినట్ల ఉండాది కడుపు."

మా అక్కని తెలిసినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. మాది దూది ఏకే ఇల్లు. నాయన దూది ఏకుతుంటే, అక్క పరుపులకీ దిండ్లకీ గలేబులు కుట్టేది. పొద్దంతా పని, పనికి తగ్గ తిండి. పెళ్ళయి, మొగుడు పోయి, పిల్లల్లేక మళ్ళీ మా ఇంటికే వచ్చాక పని తగ్గింది గాని తిండి తగ్గలేదు. సంగటి, నంజుకోవడానికి చెనక్కాయల ఊరుమిండి ఉంటే చాలు, రెండు ముద్దలు అయ్యాక మూడోదానికి నా వైపు చూసేది. మనిషి కూడా అట్లాగే ఉండేది. ఆటోలో మా అక్క ఎక్కితే ఇంకొకరు మాత్రమే పడతారు. నేనూ తక్కువదాన్నేం కాదు, ఆ ఇంకొకరు నేనయితే ఆటోవాడు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేవాడు.

గుమ్మంలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్న మా ఆయన, వెనక్కి తిరక్కుండానే, "సూది పని చేస్తాండాదేమో" అన్నాడు.

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆ మాట విన్నాక కంచంలో మిగిలిన సంగటి వైపు చూస్తూ అట్లాగే కూర్చుండిపోయాను.

సూది సంగతి చెప్పాలంటే మా అమ్మ దగ్గర మొదలుపెట్టాలి. అమ్మకు కిడ్నీలు పోయాయి. రాయదుర్గం నుంచి అనంతపురానికి వారానికి రెండుసార్లు బస్సులో తీసుకుపోయి రక్తం శుద్ధి చేసే మిషన్ మీద పడుకోబెట్టేవాళ్ళం. తీసుకుపోయేవాళ్ళం అంటున్నాను గాని తీసుకుపోయింది అక్కే. నేను జీన్సు కుట్టే యూనిట్లో మిషన్ వదిలి వస్తే ఆ రోజు కూలి పోతుంది, అక్కేమో అప్పటికే ఒంటరి. అమ్మకు నీళ్ళు కొలిచి ఇవ్వమన్నారు. ఎండాకాలంలో, మన ఊళ్ళో, మనిషికి నీళ్ళు కొలిచి ఇవ్వడం ఎట్లా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుసు. అమ్మ తడి గుడ్డ పెదాలకు అద్దుకుంటూ కుండ వైపు చూసేది. ఆ చూపు తట్టుకోలేక నేను ఇంట్లోంచి బయటికి వెళ్ళిపోయేదాన్ని, అక్క అక్కడే కూర్చునేది.

అమ్మ పోయిన కొన్నేళ్ళకు అక్క కాళ్ళు వాచడం మొదలైంది. బీపీ ఎక్కువ. ఒకరోజు స్నానాల గదిలోంచి వచ్చి, "మూత్రంలో నురగ పడతాందే, అమ్మకు పడినట్ల" అంది, ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా. మరుసటి రోజే అనంతపురం బస్సెక్కించాను.

అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డాక్టరు మేడం అన్ని పరీక్షలూ చేసి, కిడ్నీలు దెబ్బతినడం ఇప్పుడిప్పుడే మొదలైందని చెప్పింది. తర్వాత కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుని ఒక కొత్త మందు గురించి చెప్పింది. "ఈ మందుతో బరువు తగ్గుతుందని ఇప్పటికే తెలుసమ్మా. బరువు ఎక్కువగా ఉన్నవాళ్ళకి గుండెనీ కిడ్నీలనీ కూడా ఇది కాపాడుతుందా లేదా అన్నది ఇప్పుడు చూస్తున్నాం. వారానికో సూది, పెన్ను లాంటి దానితో పొట్ట మీద. ఇది ఒక అధ్యయనం, ఇష్టమైతేనే చేరండి. ఒక మాట ముందే చెప్పాలి. సగం మందికి మందున్న పెన్ను వస్తుంది, సగం మందికి మందు లేనిది వస్తుంది. చూడటానికి రెండూ ఒకటే. ఎవరికేది వచ్చిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు."

"మరి ఎవురికి తెలుసు?" అని అక్క అడిగింది.

"కంప్యూటర్‌కి."

"దానికొక్కదానికి తెలిస్తే సాలా మేడం?"

మేడం నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మధ్యలో దూరి నాకూ ఇవ్వండి అన్నాను, నేనూ లావే కదా, మా అమ్మ కడుపునే కదా పుట్టాను. నా రక్తం, మూత్రం కూడా చూశారు. నీ కిడ్నీలు బాగున్నాయమ్మా, నువ్వు దీనికి పనికిరావు అన్నారు. బాగున్నాయంటే సంతోషించాలి గాని, నాకు బడిలో వెనక బెంచీకి పంపినంత ఉక్రోషం వచ్చింది. బస్సులో కళ్యాణదుర్గం దాకా అక్కతో మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి ఫ్రిజ్‌లో కొత్తిమీర కట్ట పక్కన సూది డబ్బా చేరింది. పెన్ను మాదిరే ఉంటుంది, పొట్టకు ఆనించి నొక్కితే మందు లోపలికి పోతుంది. అక్కకు సూదంటే హడలు. శుక్రవారం పొద్దున మంచం మీద వెల్లకిలా పడుకుని, ఫ్యాను వైపు చూస్తూ బిస్మిల్లా అనుకునేది, నేను గుచ్చేదాన్ని. జీన్సు గుడ్డలోకి సూది దించడానికి నాకెప్పుడూ రెండో ఆలోచన ఉండదు. అక్క పొట్ట మీద మాత్రం పెన్ను ఆనించి, తీసి, మళ్ళీ ఆనించేదాన్ని. "గుచ్చుతావా, గిలిగింతలు పెడతావా?" అని అక్క కసిరేది.

అక్కడితో నా నిద్ర, నా తిండి, నా నిమ్మళం అన్నీ పోయాయి. మందా, నీళ్ళా? మిషన్ మీద కూర్చున్నా అదే, వంకాయలు తరుగుతున్నా అదే. ఖాళీ పెన్నులు తిరిగి ఆసుపత్రికి ఇవ్వాలి, ఇచ్చేముందు ఒక్కోదాన్నీ వెలుతురుకు పెట్టి చూసేదాన్ని. ఏం కనపడుతుంది నా తలకాయ. ఒకటి వాసన చూస్తే ఆసుపత్రి వాసన వచ్చింది, నీళ్ళలోనైనా అదే వాసన కలుపుతారేమో ఎవరు చూశారు? అక్క మాత్రం, "దేవుడు ఏది రాసింటే అది వచ్చింటాది, నువ్వు మిషన్ కుట్టుకో పో" అనేది. ఆ నిమ్మళం చూస్తే నాకు ఇంకా మంట.

ఆ పరిస్థితిలో కంచం పక్కకు జరిగింది. మా ఆయన అన్న మాట అర్థమయ్యాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. మందే. మందే పడింది మా అక్కకి. వీధిలో ఇద్దరు ముగ్గురికి చెప్పాను కూడా. తర్వాతిసారి అనంతపురం పోయినప్పుడు మేడం అడక్కముందే, "మా అక్కకు ఆకలి పోయినాది మేడం, మందే కదా?" అన్నాను.

మేడం పెద్దగా సంతోషపడలేదు. "అలా అనుకోకండమ్మా. మందు వేసుకుంటున్నామన్న నమ్మకంతోనే కొందరికి ఆకలి తగ్గుతుంది. కిడ్నీలు పాడవుతున్నా తగ్గుతుంది. అందుకే రక్తం చూస్తూ ఉంటాం."

ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం అమ్మ గుర్తొచ్చింది. మిషన్ ఎక్కడానికి ముందు అమ్మ కూడా అన్నం వద్దనేది, నోరంతా ఇనుము నాకినట్టు ఉందనేది. అప్పుడు మేమంతా వయసు కదా అనుకున్నాం. ఆ సారి రక్తం పరీక్షలో, కిడ్నీలు ఎట్లా ఉన్నాయో చెప్పే నంబరు అక్కకు ఉన్నచోటే ఉంది, అయినా నా మనసు కుదుటపడలేదు. అక్క కంచం నెట్టిన ప్రతిసారీ ఇది మందా, నమ్మకమా, అమ్మకొచ్చిందేనా అని లోపల గింజుకుంటూనే ఉన్నాను. సంతోషపడాలో ఏడవాలో తెలియని కంచం అది.

ఇంతలో రంజాన్ నెల వచ్చింది. మేం ఒక్కపొద్దులు అంటాం. ఒక్కపొద్దులో పగలు నీళ్ళు కూడా ముట్టకూడదు. మేడం ముందే చెప్పింది, కిడ్నీ కష్టం ఉన్నవాళ్ళు ఎండల్లో నీళ్ళు తాగకుండా ఉండొద్దని. మా అక్క వినే మనిషైతే కదా.

"రోగమున్నోళ్ళకు మాఫీ ఉండాది. వాళ్ళు పెట్టబల్లేదు, బదులుగా బీదోళ్ళకు అన్నం పెడితే సాలు. మసీదులో హజరతే చెప్పినాడు" అన్నాను.

"నాకు రోగం యాడుండాది? రోగం ముదరకుండా ఇచ్చే సూది అని ఆ మేడమే చెప్పె. కాళ్ళూ చేతులూ ఆడతాండాయి. మిద్దె ఎక్కి దిగుతాండా. దేవుడి ముందర పోయి నాకు రోగమని ఏ మొగం పెట్టుకోని చెప్పేది?"

రెండు రోజులు అరిచాను. మా ఆయన చేత చెప్పించాను. "వదినా, ఈ ఒక్క ఏడు వదిలిపెట్టు" అని ఆయన అంటే, "నువ్వు పెట్టే ఒక్కపొద్దులు నాకు తెలీవా, బజ్జీల అంగడి ఎనకాల నిలబడి పెడతావు" అని ఆయన నోరు మూయించింది. చివరికి ఒప్పందానికి వచ్చాం. ఒక్కపొద్దులు పెడితే పెట్టు, రాత్రంతా నీళ్ళు తాగు, సూది మాత్రం ఒక్క శుక్రవారం కూడా తప్పకూడదు అన్నాను. సూదితో ఒక్కపొద్దు చెడదని హజరత్‌ని అడిగి వచ్చాను కూడా. అక్క సరే అంది. అంత తొందరగా సరే అన్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

పండక్కి ముందు యూనిట్లో ఊపిరాడదు. బళ్ళారి నుంచి, బెంగళూరు నుంచి ఆర్డర్లు, ఓనరు పొద్దున్నే ఫోను. రంజాన్ మొదటి శుక్రవారం సూది నేనే వేశాను. రెండో శుక్రవారం నేను హడావిడిగా బయలుదేరుతుంటే, "నువ్వు పో, నేనే వేసుకుంటాలే, ఎన్ని దినాలు నీ మీద ఆధారపడేది" అంది అక్క. నాకు నిజంగానే బరువు దిగినట్టయింది. సాయంత్రం వచ్చి, "అయిపోయిందా?" అంటే, "అయిపోయింది" అంది. ఫ్రిజ్ పైన ఖాళీ పెన్ను కూడా ఉంది. ఆ తర్వాతి శుక్రవారాలూ అంతే.

రోజులు గడిచేకొద్దీ ఏదో తేడా కనిపించింది. పొద్దు గుంకే వేళకు వీధిలో ఆడవాళ్ళందరూ మా మిద్దె మీద చేరి ఒక్కపొద్దు విడుస్తారు. మొదట్లో అక్క ఒక ఖర్జూరం, రెండు పుచ్చకాయ ముక్కలు తిని చాలనేది. తర్వాత బజ్జీ తింది. ఆ తర్వాత బజ్జీల గిన్నె తన వైపు లాక్కుంది. ఒకరోజు అన్నం రెండోసారి వడ్డించుకుని, నా వైపు చూసి పాత నవ్వు నవ్వింది. మొహం వడిలిపోయి ఉంది గాని కళ్ళు మెరుస్తున్నాయి. పొద్దంతా పస్తుంటే తినరా మరి అని మా ఆయన అన్నాడు. నాకు మాత్రం లోపల పురుగు తొలవడం మొదలైంది. మందు డబ్బా మార్చి నీళ్ళ డబ్బా ఇచ్చారా ఏంది? ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగాను కూడా. అట్లా మార్చరండీ అని నర్సు ఓపిగ్గా చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఆ ఓపిక మీద కూడా నాకు కోపం వచ్చింది.

పండక్కి ముందు మా ఇంట్లో ఒక పని ఉంది. నాయన పోయినా మానలేదు. దిండ్లన్నీ విప్పి, దూది మిద్దె మీద ఎండబెట్టి, చేత్తో విడదీసి, బెత్తంతో కొట్టి, మళ్ళీ నింపుతాం. ఏడాదంతా తలల కింద నలిగి గట్టిపడిన దూది అప్పుడు మళ్ళీ లేస్తుంది. ఆ రోజు యూనిట్‌కి సెలవు. ఇంట్లో దిండ్లన్నీ అయ్యాక అక్క దిండు తీశాను. "నాది వద్దులే, మెత్తగానే ఉండాది" అంది అక్క కింద నుంచి. నేను అప్పటికే కుట్లు విప్పేశాను.

దూదిలో చెయ్యి పెడితే ఒక మూల గట్టిగా తగిలింది. చిన్న చిన్న ఉండలు, తడిసి ఎండితే దూది ఎట్లా ముద్దకడుతుందో అట్లా. అవన్నీ ఒకేచోట. పైన గలేబు మీద చూస్తే సన్నటి మరకలు. ఉండ ఒకటి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆసుపత్రి వాసన.

"అక్కా," అని పిలిచాను. "పైకి రా."

వచ్చింది. నా చేతిలో ఉండ చూసి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఇదేంది?"

"ఒక్కపొద్దులో ఉండా, అబద్ధం చెప్పలేను. సూదే."

"వేసుకుంటి అంటివి కదా."

"ఆ మాట నేను అనలే. అయిపోయిందా అంటివి. అయిపోయింది అంటి."

దిండు తీసి నేలకేసి కొట్టాను, దూది మిద్దెంతా ఎగిరింది. "నాకు ఇయ్యమంటే ఇయ్యలేదు ఆ మందు. కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తి. నువ్వేమో తీస్కపోయి దిండుకు తాపుతావా? నీకేమన్నా తిక్కనా? అమ్మను మర్చిపోయినావా నువ్వు?"

అక్క వంగి ఖాళీ గలేబు చేతిలోకి తీసుకుంది. తర్వాత, "దిండేమన్నా సన్నబడిందా సూడు" అంది.

నవ్వొచ్చింది నాకు, అదీ నా ఖర్మ. నవ్వుతూనే ఏడ్చాను. అక్క వచ్చి పక్కన కూర్చుని, చీర కుచ్చిళ్ళ మీద పడిన దూది ఏరుకుంటూ చెప్పింది.

"తొలి దినాలు ఆకలే కాలేదే నాకు. పొద్దు గుంకేదాకా ఏమీ తెలీలే. ఆడోళ్ళందరూ కడుపు కాలి, నోరెండి, మసీదులో బాంకు ఎప్పుడు ఇస్తారా అని చెవులప్పగించి కూచునింటే, నేను తిని తిరిగేదానికి వచ్చినదాని మాదిరి నడమ కూచోని ఖర్జూరం నోట్లో ఏసుకుంటి. సిగ్గయింది నాకు. దేవుడితో దొంగాట ఆడినట్లయింది."

"సూదితో ఒక్కపొద్దు చెడదని హజరత్ చెప్పినాడు కదా."

"చెడదులే. ఆకలే లేకపోతే, చెడేదానికి ఒక్కపొద్దు యాడుండాది?"

మాటలో ఓడిపోయినప్పుడు నేను చేసే పనే చేశాను, గొంతు పెంచాను. అమ్మ నీళ్ళ కోసం ఎట్లా చూసేదో, తడి గుడ్డ ఎట్లా చప్పరించేదో చెప్పి, నీకూ అదే గతి పట్టాలనా అని అడిగాను.

"అమ్మ కడాకు ఏడ్సింది నీళ్ళకు కాదే," అంది అక్క. "ఒక్కపొద్దు పెట్టలేకపోతినే అని ఏడ్సింది. నువ్వు ఆపొద్దు కుట్టు మిషన్ కాడ ఉంటివి, నేను పక్కన ఉంటి. పొద్దంతా నీళ్ళు లేకుండా ఉండనే ఉండా, దీన్ని ఒక్కపొద్దని రాసుకోకూడదా దేవుడు అనె."

దూదిలోంచి ఉండలు ఏరి పక్కన పెట్టాను. కింద వీధిలో ఎవరో పాత పేపర్లు కొంటామని అరుచుకుంటూ పోతున్నారు. కొంతసేపటికి, ఎందుకు అడిగానో తెలియదు, అడిగాను. "మానినాక ఆకలైందా?"

"ఒకటి రెండు వారాలు కాలేదు. ఆమీట ఒక దినం, పూరా పొద్దెక్కనే లేదు, పేగులు అరిచినాయి. ఆ శబ్దం విని నాకు కండ్లలో నీళ్ళొచ్చినాయే. పోయిన మనిషి వాకిట్లోకి వచ్చి పిలిచినట్లయింది."

అప్పుడు తట్టింది నాకు. వేసుకుంటే ఆకలి పోయింది, మానితే ఆకలి వచ్చింది. అది కిడ్నీల వల్ల పోయిన ఆకలి కాదు. అయితే మందే. ఇన్ని నెలలుగా నన్ను నిలవనీయకుండా తిప్పిన ప్రశ్నకు, డాక్టరు కూడా చెప్పలేని దానికి, ఈ మొండిది తన మొండితనంతో జవాబు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఆ మందునేమో దూదిలో పోసింది. ఎగిరి గంతెయ్యాలో ఆమె చెంప పగలగొట్టాలో తెలియక, మిద్దె మీద దూదంతా ఏరుతూ అటూ ఇటూ తిరిగాను.

మరునాడే అనంతపురం. అక్క ఒక్కపొద్దుతోనే బస్సెక్కింది. దారి పొడవునా ఎండ, వాన చూడని నేలలు, కిటికీలోంచి వేడి గాలి. సంగతి తెలిస్తే మేడం ఈమెను తీసేస్తుందని నాకు ఒకటే గుబులు. కడుపు నొప్పి చేసి మానిందని చెబుదామా అన్నాను. "నువ్వు గమ్మునుండు" అంది అక్క. మేడం ముందు కూర్చుని, దిండుతో సహా మొత్తం చెప్పేసింది.

మేడం కలం కింద పెట్టి విన్నది. కోప్పడలేదు. "ఆకలి లేకపోవడం మీకు ఇబ్బందవుతుందని నాకు తట్టనే లేదమ్మా" అంది మెల్లగా. ముందు రక్తం తీయించింది. ఫలితం కోసం బయట బల్ల మీద కూర్చున్నాం. నేను నాలుగైదుసార్లు లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. అక్క కళ్ళు మూసుకుని కూర్చుంది, పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

లోపలికి పిలిచారు. నంబరు పెరిగింది. "నీళ్ళు లేక పెరిగి ఉండొచ్చు. ఇప్పుడు పట్టుకుంటే మళ్ళీ కిందికి రావచ్చు. ఆలస్యం చేస్తే చెప్పలేను. ఇక ఉపవాసాలు వద్దు, ఇప్పుడే తాగండి" అని మేడం తన బల్ల మీదున్న గ్లాసులో నీళ్ళు పోసి అక్క ముందు పెట్టింది.

అక్క ఆ గ్లాసుని చూసింది. అమ్మ కుండ వైపు చూసిన చూపు అదే. ఈమె తాగదు, ఇక్కడే మొండికేస్తుంది, నేనేం చేయను అనుకున్నాను.

"ఇప్పుడు నాకు రోగం ఉండాదంటారా మేడం?" అని అడిగింది అక్క.

"ఉందమ్మా."

"నిజంగా చెప్పండి. బెదిరించేదానికి కాదు కదా?"

"నిజంగానే చెబుతున్నాను."

"అయితే మాఫీ ఉండాది," అంది అక్క. బిస్మిల్లా అనుకుని గ్లాసెత్తి, మధ్యలో ఆపకుండా తాగింది. గొంతు కదలడం చూస్తూ నేను మేడం ఎదుటే బోరున ఏడ్చాను. మా అమ్మకు ఒక్క గ్లాసు కూడా అట్లా తాగే యోగం లేకపోయింది.

తీసేస్తారా అని చివరికి నేనే అడిగాను. తీసేయరట. వేసుకోనిది వేసుకున్నట్టు చెబితేనే చిక్కంట, చెప్పారు కాబట్టి ఉన్నదున్నట్టు రాసుకుంటారంట. ఇన్ని వారాలు మానింది కాబట్టి మళ్ళీ చిన్న మోతాదు నుంచి మొదలుపెట్టాలి, అదీ నంబరు దిగాకే. "మందే కదా మేడం, మానితే ఆకలి వచ్చింది కదా?" అని నేను ఆశగా చెప్పుకుపోతుంటే మేడం చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు తెలియదమ్మా. ఒకవేళ మందే అయినా, ఆకలి తగ్గించినంత మాత్రాన కిడ్నీ నిలబెడుతుందని ఇంకా తెలియదు. అది తెలియడానికే ఇదంతా." ఆమె చెప్పింది నిజమే అయి ఉంటుంది. నిజంతో నాకు పని లేదు ఆ రోజు.

మిగిలిన ఒక్కపొద్దులకు బదులు అక్క వీధి చివర రాళ్ళు కొట్టుకునే వాళ్ళ ఇంటికి రోజూ అన్నం వండి పంపింది. పండగ రోజు సేమియా రెండు గిన్నెలు తాగింది, నేను వద్దనలేదు. తర్వాత పరీక్షలో నంబరు కొంచెం దిగింది, పూర్తిగా కాదు. చిన్న పెన్నులు ఇచ్చారు. శుక్రవారం మళ్ళీ మంచం, ఫ్యాను, బిస్మిల్లా. ఈసారి ఎన్ని ఆర్డర్లున్నా నేనే గుచ్చుతున్నాను. ఆ దిండులో ఉండలు కట్టిన దూది పారేయడానికి చాలా రోజులు మనసొప్పలేదు, తర్వాత పారేశాను.

ఇక అప్పటి నుంచి నాకు అక్క కంచమే లోకం. ఒక వారం పోయింది, తింటోంది. ఇంకో వారం, మూడో ముద్దకు నా వైపు చూసింది. నేను లెక్కకట్టింది తప్పా? అప్పుడు ఒక్కపొద్దుల వల్ల ఆకలేసిందా, మందు మానడం వల్ల కాదా? మోతాదు పెరిగిన పెన్నులు వచ్చాయి. అయినా తింటూనే ఉంది. నేను వడ్డించడం, ఆమె తినడం, నేను చూడటం. "అట్ల చూసి చూసి దిష్టి పెడతావే నాకు" అంది ఒకరోజు. యూనిట్లో జిప్పులు తలకిందులుగా కుట్టి ఓనరు చేత తిట్లు తిన్నాను.

రేపు మళ్ళీ అనంతపురం, రక్తం పరీక్ష. ఈ రోజు మధ్యాహ్నం సంగటి కెలికాను, చెనక్కాయల ఊరుమిండి నూరాను. వేడివేడిగా రెండు ముద్దలు వేసి అక్క ముందు పెట్టాను. నా కంచం పెట్టుకున్నాను గాని తినబుద్ధి కాలేదు. అక్క ఒక ముద్ద తుంచింది, తింది. ఇంకొంచెం తుంచింది. వేలితో ఊరుమిండి అటూ ఇటూ కలిపింది. తర్వాత, ఆ వేలితోనే, కంచాన్ని అవతలికి నెట్టింది.

నేను ఆ కంచం అంచు పట్టుకున్నాను.

"నా మీద కోపమా అక్కా?" అన్నాను.

"కోపమెందుకే. ఆకలి ల్యా," అంది.

నేను ఆ కంచం నా వైపు లాక్కుని, ఆమె మిగిల్చిన సంగటంతా కూర్చుని తిన్నాను.